యూకేజీ పిల్లోడికి చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులు, స్కూలోళ్ళు పంపమంటా ఉండారు, ఏం చెయ్యాల?

ఎంఆర్‌పల్లి అమ్మ · ఉదయం 9:10
అందరికీ నమస్తే. మాది తిరుపతి ఎంఆర్ పల్లి. మా చిన్నోడు యూకేజీ. మొన్న స్కూల్నించి వచ్చినప్పట్నించే డల్‌గా ఉన్నాడు, రాత్రికి జొరం, తెల్లారి చూస్తే అరచేతుల్లో అరికాళ్ళలో ఎర్రగా పొక్కులు, పిర్రల మీద కూడా, నాలిక పక్కన పుండ్లు. రసం అన్నం నోట్లో పెడితే చాలు ఏడుపు. డాక్టర్ చూసి హ్యాండ్ ఫుట్ మౌత్ అన్నారు, జొరానికి పారాసిటమాల్ ఒకటి రాసి నీళ్ళు బాగా తాగించమన్నారు, అంతే. ఇప్పుడు స్కూలోళ్ళు యూనిట్ టెస్టులు ఉండాయి జొరం తగ్గితే పంపించండి అంటా ఉండారు. వాళ్ళ క్లాసులో ఇంకా కొందరికి ఇదే ఉందని వ్యాన్ దగ్గర అమ్మలు మాట్లాడుకుంటా ఉండారు గానీ స్కూలు నుంచి ఒక్క మెసేజ్ కూడా రాలేదు. ఇంట్లో పెద్దది మూడో క్లాసు. మా ఆడబిడ్డకి ఏడో నెల, వచ్చే వారం శ్రీమంతానికి మా ఇంటికే రావాల. పెద్దదాన్ని స్కూలుకు పంపచ్చా? ఆడబిడ్డని రమ్మనచ్చా? అత్తమ్మేమో అమ్మవారు పోసిందని వేపాకు తెప్పించి గుమ్మానికి కట్టేసినారు. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

బైరాగిపట్టెడ బాబాయ్ · ఉదయం 9:22
మా వీధిలో కూడా ఇద్దరు పిలకాయలకి ఇదే అమ్మా. చల్ల మజ్జిగ, పెరుగన్నం పెట్టండి, కారం పులుపు వద్దు. పుండ్లు మానేదాకా వాడికి నోరు మంటే.

పీడియాట్రిక్స్ పీజీ · ఉదయం 9:48
మేడమ్, నేను ఇక్కడే తిరుపతిలో పిల్లల విభాగంలో పీజీ చేస్తున్నా. ఇది కాక్సాకీ అనే వైరస్ వల్ల వచ్చేది, అదే కుటుంబంలో ఎంటరోవైరస్ 71 అని ఇంకోటి ఉంది, దానివల్ల వస్తే కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. ఆటలమ్మ కాదు, రెండూ వేరు. ఆటలమ్మ పొక్కులు ఎక్కువగా పొట్ట, వీపు, మొహం మీద మొదలవుతాయి, బాగా దురద ఉంటుంది. ఇది చేతులు, కాళ్ళు, నోరు.

ఎట్లా అంటుకుంటుందంటే ఉమ్మి, చీమిడి, పొక్కుల్లో నీరు, ఇంకా మలం. ఈ చివరిది ఎవరూ పట్టించుకోరు. పొక్కులు మానిపోయి పిల్లాడు గెంతుతున్నా సరే వారాల తరబడి మలంలో వైరస్ పోతూనే ఉంటుంది. కాబట్టి "పొక్కులు పోయినాయి, ఇంక ఫరవాలేదు" అనుకుని బాత్రూమ్ తర్వాత చేతులు కడిగించడం వదిలేయొద్దు. అట్లని నెలంతా ఇంట్లో కూర్చోబెట్టమని కాదు. జొరం పూర్తిగా పోవాలి, నోట్లోంచి సొంగ కారకుండా మామూలుగా తినాలి, పొక్కులు ఎండిపోవాలి. అంతవరకు స్కూలు వద్దు, టెస్ట్ ఉన్నా వద్దు.

పెద్దపాపకి ఏమీ లేకపోతే పంపొచ్చు. కానీ తగిలిన తర్వాత బయటపడటానికి 3 నుంచి 6 రోజులు పడుతుంది కాబట్టి రోజూ పొద్దున జొరం, నోరు చూసి పంపండి. గ్లాసు, స్పూను, టవల్ వేరు చేయండి.

యాంటీబయాటిక్ రాయలేదని బాధపడొద్దు, మీ డాక్టర్ కరెక్టుగా చేశారు. వైరస్ మీద అది పనిచేయదు. మళ్ళీ హాస్పిటల్‌కి ఎప్పుడు పరిగెత్తాలి అంటే, పిల్లాడు మరీ మత్తుగా ఉన్నా, నిద్రలో ఉలిక్కిపడి అదురుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఒంటేలు బాగా తగ్గిపోయినా, జొరం మూడు రోజులు దాటినా ఆలోచించకుండా తీసుకెళ్ళండి.

ఎంఆర్‌పల్లి అమ్మ · ఉదయం 10:05
చాలా థాంక్స్ సార్. శానిటైజర్ పెద్ద బాటిల్ తెచ్చినా, అందరం అదే రాసుకుంటా ఉండాము, అది సరిపోతుందా? ఆడబిడ్డ సంగతి కూడా చెప్పండి సార్.

పీడియాట్రిక్స్ పీజీ · ఉదయం 10:20
శానిటైజర్ ఈ వైరస్‌కి అంత బాగా పనిచేయదు మేడమ్. కరోనా లాంటి వైరస్‌లకి పైన కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగించేస్తుంది. ఈ కాక్సాకీకి ఆ పొరే లేదు, వాంతులు మోషన్లు తెచ్చే రోటా, నోరో వైరస్‌లకీ లేదు. సబ్బు పెట్టి రుద్ది, పారే నీళ్ళలో కడిగితేనే చేతి మీద నుంచి కొట్టుకుపోతాయి.

మీ ఆడబిడ్డని ఇప్పుడు పిలవకపోవడమే మంచిది. గర్భిణులకి ఇది చాలావరకు తేలిగ్గానే పోతుంది గానీ కాన్పు దగ్గర్లో తగిలితే పుట్టిన బిడ్డకి రావచ్చు. ఫంక్షన్ ఆమె అత్తగారింట్లోనో హాల్లోనో పెట్టుకోండి. ఆమెకి ఆటలమ్మ చిన్నప్పుడు వచ్చిందో లేదో కూడా ఒకసారి అడిగి పెట్టుకోండి, అది గర్భంలో వస్తే మటుకు సీరియస్. రానివాళ్ళు, టీకా లేనివాళ్ళు ఆటలమ్మ ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి ఉంటే పొక్కులు వచ్చేదాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలి, రక్షణకి ఇచ్చే ఇంజెక్షన్ 10 రోజుల్లోపే వేయాలి.

తిరుచానూరు అక్క · ఉదయం 10:41
ఆడబిడ్డని వద్దని చెప్పడానికి మొహమాటపడద్దమ్మా. మన తిరుపతోళ్ళకి ఇదొక పెద్ద తలనొప్పి, చెప్పాలంటే చుట్టాలు బాధపడతారు. దర్శనానికి ఎవరొచ్చినా మన ఇంట్లోనే దిగుతారు, పిల్లోడికి దగ్గు జలుబు జొరం ఉన్నా టికెట్లు బుక్ అయిపోయినాయి అని తోలుకుని వచ్చేస్తారు, మన పిలకాయలతో పాటే చాప మీద పడుకోబెడతారు, క్యూలో గంటలు గంటలు నిలబెడతారు, వాళ్ళు ఊరికి పోయిన నాలుగు రోజులకి మన ఇంట్లో మొదలు. నేనిప్పుడు ఫోన్‌లోనే అడిగేస్తా ఉండా, పిల్లలకి జొరం ఏమన్నా ఉందా, ఉంటే దర్శనం డేట్ మార్చుకోండి, స్వామి యాడికీ పోడు అని. మా పెద్దమ్మ కూతురు కోపం చేసింది, చేసుకోనీ. నా ఇంట్లో ఆరు నెలల మనవడు ఉండాడు.

కుప్పం రైడర్ · ఉదయం 11:15
నాకొకటి అర్థం కాదు. మనం చిన్నప్పుడు మట్టిలో ఆడినాం, చెరువులో ఈదినాం, ఏం కాలేదు. ఇప్పుడు ప్రతిదానికీ టీకా, హ్యాండ్‌వాష్, ఐసోలేషన్. తగిలితేనే కదా ఇమ్యూనిటీ వచ్చేది, ఒకసారి వచ్చిపోతే మంచిదే అంటా నేను.

సూదిమందక్క · ఉదయం 11:52
నాయనా, నేను ఏఎన్‌ఎంగా చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి రిటైర్ అయినదాన్ని. ఏం కాలేదు అంటా ఉండావే, ఏం కానోళ్ళే ఈరోజు చెప్పగలరు. అయినోళ్ళు చెప్పడానికి లేరు. నా సర్వీసులో కంఠసర్పి (డిఫ్తీరియా) వచ్చి గొంతులో పొర కట్టి ఊపిరాడక పోయిన బిడ్డని చూసినా. కోరింత దగ్గుతో మొహం నల్లబడిపోయిన నెలల పిల్లని చూసినా. పోలియో కాలు ఈడ్చుకుంటా బడికి వచ్చేవాళ్ళు ప్రతి ఊర్లో ఉండేవాళ్ళు, నీ వయసెంతో నాకు తెలీదు గానీ నీ క్లాసులో కూడా ఒకరుండే ఉంటారు. ఇప్పుడు నీ బిడ్డ క్లాసులో ఉండారా? దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్లో. 2014లో మన దేశంలో పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చినారు. ఊరికే పోలేదు నాయనా, ఆదివారం పూట బస్టాండ్లలో రైల్వే స్టేషన్లో నిలబడి రెండు చుక్కలు వేస్తే పోయింది. మసూచి అయితే ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించినారు.

పీడియాట్రిక్స్ పీజీ · మధ్యాహ్నం 12:10
సూదిమందక్క గారికి దండం. రైడర్ గారూ, తట్టు సంగతి చెప్తా వినండి. తట్టు వచ్చిన ఒక పిల్లాడి నుంచి, టీకా లేని పిల్లలున్న చోట, 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. ఆ పిల్లాడు గది వదిలి వెళ్ళిన రెండు గంటల దాకా గాలిలో వైరస్ ఉంటుంది. ఒళ్ళంతా ఎర్రగా రాకముందు నాలుగు రోజుల నుంచే అంటిస్తాడు, అంటే అమ్మకి అనుమానం వచ్చేసరికే క్లాసంతా చుట్టేసి ఉంటుంది. ఇంకా బాధాకరమైన విషయం, అప్పటిదాకా ఒంట్లో ఇతర జబ్బుల మీద తయారైన రక్షణని కూడా తట్టు తుడిచేస్తుంది. ఇమ్యూనిటీ రావడం అటుంచండి, ఉన్నది పోతుంది. తర్వాత నెలల తరబడి న్యుమోనియాలు, మోషన్లు. దీనికి గవర్నమెంట్‌లో ఎంఆర్ టీకా ఫ్రీ, 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోటి.

మట్టిలో ఆడనివ్వండి, ఎవరూ వద్దనట్లేదు. ఆడొచ్చి సబ్బుతో కడుక్కోమంటున్నాం.

కుప్పం రైడర్ · మధ్యాహ్నం 12:31
సరే సార్, తట్టు గురించి ఇంత తెలీదు. మా పాపకి 16 నెలల టీకా వేసినట్టు గుర్తు, సాయంత్రం కార్డు చూస్తా.

చిత్తూరు అయ్యోరు · మధ్యాహ్నం 1:20
లంచ్ టైములో రాస్తా ఉండా. నేను చిత్తూరు దగ్గర మండల పరిషత్ స్కూల్లో టీచర్ని, అందుకే స్కూళ్ళ గురించి నాలుగు మాటలు.

మొదటిది, హండ్రెడ్ పర్సెంట్ అటెండెన్స్ ప్రైజ్. దీన్ని ఎవరు కనిపెట్టినారో గానీ పిల్లల ఆరోగ్యానికి ఇంతకంటే చెడ్డ పథకం లేదు. జొరంలో ఉన్న పిల్లోడు ప్రైజ్ పోతాదని ఏడుస్తాడు, అమ్మ పారాసిటమాల్ పోసి పంపిస్తాది, మందు పనిచేసినంతసేపు బాగుంటాడు, పదకొండు గంటలకి బెంచీ మీద తల వాల్చేస్తాడు. అప్పటికే పక్కనోడి వాటర్ బాటిల్ తాగేసి ఉంటాడు. మా బడిలో ఆ ప్రైజ్ తీసేయించినాం, దాని బదులు జబ్బు చేసినప్పుడు ఇంట్లో ఉంటే నోట్సు మేమే ఇస్తాం అని చెప్పినాం.

రెండోది, ఒకటో క్లాసు గదిలో పది నిమిషాలు కూర్చుని చూడండి. పలక మీద రాసింది చెరపాలంటే ఏం చేస్తారు? ఉమ్మేసి అరచేత్తో తుడుస్తారు. అదే చేత్తో పక్కనోడి బలపం లాక్కుంటారు, ఆ బలపం నోట్లో పెట్టుకుంటారు. నేను తడిగుడ్డ ముక్కలు పిల్లలకి తలా ఒకటి ఇప్పించినా, చిన్న డబ్బాలో పెట్టుకుంటారు, ఇంటికి తీసుకుపోయి ఉతికి తెచ్చుకుంటారు. పేరెంట్స్ మీటింగులో ఈ ఒక్కటి అడగండి చాలు.

మూడోది కుళాయిలు. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టగానే వంద మంది రెండు కుళాయిల మీద పడితే ఎవడు కడుగుతాడు సబ్బుతో? మేము క్లాసు క్లాసుకీ ఐదు నిమిషాలు తేడాతో వదులుతాం. సబ్బుముక్క పాత సాక్సులో వేసి కుళాయికి వేలాడదీసినాం, కింద పడదు, ఎవరూ ఎత్తుకుపోరు.

ఎంఆర్‌పల్లి అమ్మ గారూ, మీ స్కూలు వాళ్ళకి రాతపూర్వకంగా అడగండి. ఏ పిల్లోడి పేరూ చెప్పక్కర్లేదు, ఈ క్లాసులో ఈ జబ్బు ఉంది, ఈ లక్షణాలు కనిపిస్తే పంపొద్దు అని మెసేజ్ పెట్టడం వాళ్ళ బాధ్యత.

కరకంబాడి రోడ్ · మధ్యాహ్నం 1:44
అయ్యోరూ మీరు చెప్పేది బానే ఉంది కానీ నేనూ మా ఆయన ఇద్దరం పనికి పోతాం, నేను రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో, ఒక్కరోజు మానితే కూలి కట్. పిల్లకి జొరం అంటే ఎవరు చూస్తారు ఇంట్లో? పంపే అమ్మలందరూ తెలీక పంపరు.

చిత్తూరు అయ్యోరు · మధ్యాహ్నం 1:58
నిజమే తల్లీ. ఆ మాటకి నా దగ్గర మంచి జవాబు లేదు. మా బడిలో అట్లాంటి పిల్లల్ని ఆఫీస్ రూములో విడిగా పడుకోబెట్టి, అవ్వో తాతో వచ్చేదాకా ఆయమ్మ చూసుకుంటాది. అమ్మని తిట్టడం మటుకు చెయ్యం. స్కూలే సర్దుకోవాల.

అంగన్‌వాడీ టీచర్_చంద్రగిరి · మధ్యాహ్నం 2:30
చేతులు కడగడం అంటే అందరం చెప్తాం కానీ పిల్లలకి చూపిస్తేనే తెలుస్తాది. మా సెంటర్లో నేను ఏం చేస్తానంటే ఆముదంలో పసుపు కలిపి పిల్లల చేతులకి పూస్తా. ఇప్పుడు కడుక్కోండి అంటా. మామూలుగా వాళ్ళు కడిగినట్టు కడిగితే అరచేతులు తెల్లగా అవుతాయి, బొటనవేలు చుట్టూ, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద పసుపు అట్లే ఉంటాది. "చూడు పురుగు ఇక్కడ దాక్కుంది" అంటే వాళ్ళే మళ్ళీ సబ్బు అడిగి రుద్దుకుంటారు. మూడేళ్ళ పాప ఒకతె ఇంటికి పోయి వాళ్ళ నాన్న బొటనవేలు చూపించమని అడిగిందంట.

ఇంకోటి, సెంటర్లో బొమ్మలు. అందరి నోట్లో తిరుగుతాయి. ప్లాస్టిక్ బొమ్మలన్నీ శనివారం సర్ఫు నీళ్ళలో కడిగి ఎండలో ఆరేస్తాం, ఎవరికన్నా జొరం వస్తే ఆరోజే. గోళ్ళు సోమవారం చూస్తాం. నులిపురుగుల గుడ్లు గోళ్ళ కిందే ఉంటాయి కదా, ఫిబ్రవరి 10న ఆల్బెండజోల్ మాత్ర వేసినా గోళ్ళు కత్తిరించకపోతే మళ్ళీ ఎక్కుతాయి.

కరకంబాడి రోడ్ · మధ్యాహ్నం 3:05
మోషన్స్ గురించి కూడా ఎవరన్నా చెప్పండి. మా పాపకి రెండేళ్ళు, నిన్నట్నించి నీళ్ళ మాదిరి పోతా ఉంది, మధ్యలో వాంతి. వీధి చివర ఆరెంపీ దగ్గరికి పోతే సెలైన్ ఎక్కిస్తా, యాంటీబయాటిక్ సూది వేస్తా అంటా ఉండాడు. మెడికల్ షాపులో ఆరెంజ్ రుచి ఉండే డ్రింకు ఇచ్చినారు, అది తాగిస్తే ఇంకా ఎక్కువ అయినట్టు ఉంది.

పీడియాట్రిక్స్ పీజీ · మధ్యాహ్నం 3:18
ఆ డ్రింకు వెంటనే ఆపండి మేడమ్. అందులో చక్కెర ఎక్కువ, పేగుల్లోకి నీళ్ళు లాగి మోషన్లు పెంచుతుంది. ఓఆర్‌ఎస్ అనే పేరు పెట్టుకుని ఇట్లాంటివి చాలా ఏళ్ళు అమ్మారు, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్న పొడి కొనండి, అంగన్‌వాడీలో, ఆశా దగ్గర ఫ్రీ.

లీటర్ ప్యాకెట్ అయితే కొలిచి ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేసి కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. మోషన్ అయిన ప్రతిసారీ రెండేళ్ళ పాపకి అర గ్లాసు, అంటే 100 మిల్లీలీటర్లు, స్పూనుతో నిదానంగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. జింకు మాత్ర 20 మిల్లీగ్రాములు రోజుకొకటి 14 రోజులు, మోషన్లు ఆగిపోయినా ఆపొద్దు. అన్నం, పాలు మానిపించొద్దు. రక్తం పడినా, కళ్ళు లోతుకి పోయినా, తాగడానికి కూడా ఓపిక లేకపోయినా రుయా పెద్దాసుపత్రికి గానీ దగ్గర్లో ఉన్న పిల్లల డాక్టర్ దగ్గరికి గానీ వెంటనే.

కరకంబాడి రోడ్ · సాయంత్రం 4:40
మీరు చెప్పినట్టే ఆశమ్మ దగ్గర ప్యాకెట్లు తెచ్చి కలిపి పోస్తా ఉండా సార్. ఇప్పుడే ఒంటేలు పోసింది, కళ్ళలో కళ వచ్చింది. మీకు పుణ్యం ఉంటాది.

సూదిమందక్క · సాయంత్రం 4:55
పాపకి రోటా చుక్కలు వేసినారా చూడమ్మా. రోటావైరస్ టీకా గవర్నమెంట్‌లో 2016లో మొదలుపెట్టినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేస్తారు. అవి వేసినా మోషన్లు రావచ్చు గానీ ప్రాణం మీదికి రావడం బాగా తగ్గుతాది.

నీళ్ళు కూడా చూసుకోండి. పైపు పగిలి మురికికాలవ పక్కనే పోయే చోట్లు మన ఊర్లలో ఉండాయి, వాన పడ్డాక రంగు మారితే నాలుగు రోజులు కాచి తాగండి. క్యాన్ నీళ్ళు అయినా సరే, క్యాన్‌లోకి చెంబు ముంచొద్దు, వంచి పోసుకోండి.

రేణిగుంట అవ్వ · సాయంత్రం 5:30
మనవరాలు టైపు చేస్తా ఉంది, నేను చెప్తా ఉండా. అమ్మవారు పోసినప్పుడు మా కాలంలో బిడ్డని విడిగా పడుకోబెట్టి, వేపాకు పరిచి, గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళం, ఎవురూ ఆ ఇంటికి పోకూడదు, ఆ ఇంటోళ్ళు ఎవురింటికీ రాకూడదు. తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకునేవాళ్ళం. ఇప్పుడోళ్ళు దాన్ని మూఢనమ్మకం అంటారు. మీ డాక్టర్ని అడగండి, తప్పా అది?

పీడియాట్రిక్స్ పీజీ · సాయంత్రం 5:50
తప్పు కాదవ్వా. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నీ చెక్కు కట్టేదాకా అంటుకుంటుంది. మీరు ఇల్లు కదలనివ్వకుండా చేసింది మేము చెప్పేదే. గుమ్మానికి వేపమండ ఉంటే పక్కింటి గర్భిణి లోపలికి రాదు, అది చాలా గొప్ప పని. నేను రెండు మాత్రం బతిమాలుకుంటా. ఒకటి, స్నానం మానిపించొద్దు, గోరువెచ్చటి నీళ్ళతో పోస్తే దురద తగ్గి పొక్కులు చీము పట్టకుండా ఉంటాయి. రెండు, జొరానికి ఆస్పిరిన్ అస్సలు వద్దు, బ్రూఫెన్ కూడా వద్దు, పారాసిటమాల్ ఒకటే. అమ్మవారికి మొక్కుకోండి, మందు కూడా వేయండి.

ఆటలమ్మ టీకా గవర్నమెంట్ లిస్టులో లేదు, ప్రైవేటులో కొనుక్కోవాలి, 15 నెలలు దాటాక వేస్తారు. గవదబిళ్ళలదీ అంతే, ప్రభుత్వం ఇచ్చే ఎంఆర్‌లో తట్టు, రుబెల్లా మాత్రమే ఉంటాయి. గవదలకి కావాలంటే బయట ఎంఎంఆర్ అడగాలి. కుదిరినవాళ్ళు వేయించండి.

కాణిపాకం నాన్న · సాయంత్రం 6:25
కండ్లకలక ఉన్నోళ్ళని చూస్తే అంటుకుంటాదా? మా ఆఫీసులో ఒకాయన నల్లద్దాలు పెట్టుకోమని గొడవ చేసినాడు.

సూదిమందక్క · సాయంత్రం 6:34
చూస్తే రాదు. కన్ను నలుపుకున్న చేత్తో తలుపు గడియ, ఫోను, టవల్ పట్టుకుంటాం కదా, అవి ఇంకొకరు ముట్టుకుని కన్ను నలుపుకుంటే వస్తాది. 2023లో మన రాష్ట్రమంతా ఎట్లా పాకిందో చూసినాం కదా. దిండు గలేబు, టవల్ వేరు పెట్టుకోండి. గజ్జి కూడా అంతే, పూత మందు ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాల, గోకేవాడికి ఒక్కడికే పూస్తే వారానికి మళ్ళీ వాడికే తిరిగొస్తాది. హాస్టల్ పిల్లలు పండక్కి ఇంటికి వచ్చినప్పుడు వేళ్ళ సందులు చూడండి.

ఎంఆర్‌పల్లి అమ్మ · రాత్రి 8:15
అప్‌డేట్ ఇస్తా ఉండా. అయ్యోరు చెప్పినట్టు వాట్సాప్‌లో ప్రిన్సిపాల్ మేడమ్‌కి రాసి పంపినా, వ్యాన్ దగ్గర అమ్మలు నలుగురూ అదే పంపినారు. సాయంత్రానికి యూకేజీ గ్రూపులో మెసేజ్ వచ్చింది, పొక్కులు జొరం ఉన్నోళ్ళు రావద్దు, టెస్ట్ తర్వాత పెడతాం అని. ఆడబిడ్డకి వాళ్ళ అత్తగారింట్లోనే శ్రీమంతం. చిన్నోడు పెరుగన్నం రెండు ముద్దలు తిన్నాడు. అత్తమ్మకి సార్ మెసేజ్ చదివి వినిపించినా, వేపాకు ఉంచి సబ్బు కూడా పెట్టినారు బాత్రూం గట్టు మీద.

పీడియాట్రిక్స్ పీజీ · రాత్రి 8:40
చాలా మంచి పని చేశారు మేడమ్. ఒక నెల, నెలన్నర తర్వాత పిల్లాడి గోళ్ళు కొన్ని ఊడొచ్చు, ఈ వైరస్‌లో ఒక రకానికి అట్లా అవుతుంది. నొప్పి ఉండదు, కొత్తవి అవే వస్తాయి, భయపడి మందులు కొనొద్దు.

కుప్పం రైడర్ · రాత్రి 9:05
కార్డు దొరికింది. 16 నెలలవి వేయించలేదు అక్కా, అప్పుడు పాప మా అత్తగారి ఊర్లో ఉంది. ఇప్పుడు రెండున్నరేళ్ళు. ఇంక వేయరా?

సూదిమందక్క · రాత్రి 9:12
వేస్తారు నాయనా. ఎంఆర్ రెండో డోసు ఐదేళ్ళ దాకా వేస్తారు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ కూడా అడుగు. మొదట్నించీ మళ్ళీ వేయక్కర్లేదు, ఆగిన చోట్నించే. మా వైపు సబ్‌సెంటర్లో బుధవారం, శనివారం వేసేవాళ్ళం, మీ ఏఎన్‌ఎంకి ఫోన్ చేసి ఏరోజో కనుక్కో. కార్డు మర్చిపోకుండా తీసుకుపో, కొద్దిగా జలుబు ఉన్నా ఫరవాలేదు. వేసినాక అరగంట అక్కడే కూర్చోబెట్టు.